మావో అసాదాను ఆపిన 87 రోజులు

మిలాన్ ఒలింపిక్స్ మహిళల ఫిగర్ స్కేటింగ్‌లో జపాన్‌కు రెండు పతకాలొచ్చాయి. కవోరి సకమోతోకు రజతం, 17 ఏళ్ల అమి నకాయికి కాంస్యం. అయినా అభిమానులు అడిగే ప్రశ్న వేరు: మావో షిమాదా ఎందుకు లేదు? 2023 నుంచి 2025 వరకు వరుసగా మూడుసార్లు ప్రపంచ జూనియర్ టైటిల్ గెలిచిన అమ్మాయి ఆమె. ఒలింపిక్స్‌కు రెండు నెలల ముందు జరిగిన జాతీయ పోటీల్లో సకమోతో తర్వాతి స్థానం ఆమెదే. ఆమెను ఆపింది పుట్టిన తేదీ. ఒలింపిక్స్‌లో దిగాలంటే 2025 జూన్ 30 నాటికి 17 ఏళ్లు నిండాలి. నకాయి 2008 ఏప్రిల్‌లో పుట్టింది కాబట్టి వెళ్లింది. షిమాదా అదే ఏడాది అక్టోబర్ 30న పుట్టింది కాబట్టి ఆగిపోయింది.

షిమాదాకు ఆ పేరు జపాన్ మేటి స్కేటర్ మావో అసాదాను చూసి పెట్టిందే. ఇరవై ఏళ్ల కిందట ఇదే జూన్ 30 గీత ఆ మావోను కూడా ఆపింది. దాంతో అప్పటి అన్యాయమే మళ్లీ జరిగిందన్న మాట వినిపిస్తోంది. ఈ రెండూ ఒకటేనా అన్నది తేల్చుకోవాలంటే అసాదా కెరీర్ అంతా తిరగేయక్కర్లేదు. 2005 డిసెంబర్ దగ్గర ఆగితే చాలు.

ఆ నెల టోక్యోలో గ్రాండ్ ప్రి ఫైనల్ జరిగింది. సీజన్‌లో మేటి స్కేటర్లు మాత్రమే దిగే సీనియర్ పోటీ అది. ఆ ఏడాది ప్రపంచ ఛాంపియన్ రష్యాకు చెందిన ఇరీనా స్లుత్‌స్కాయా. ఒలింపిక్ స్వర్ణం ఆమెదేనని అందరూ అనుకుంటున్న రోజులు. నగోయా నుంచి వచ్చిన అసాదాకు అప్పటికి 15 ఏళ్లు నిండి మూడు నెలలు కూడా కాలేదు. 189.62 పాయింట్లతో స్లుత్‌స్కాయాను వెనక్కి నెట్టి ఆమె గెలిచింది. ఆ వెంటనే జరిగిన జాతీయ పోటీల్లో ఫుమియే సుగురి మొదటి స్థానంలో, అసాదా రెండో స్థానంలో, షిజుకా అరకావా మూడో స్థానంలో నిలిచారు.

రెండు నెలలు గడిచాయి. 2006 ఫిబ్రవరి 23న తురిన్‌లో ఒలింపిక్ స్వర్ణం గెలిచింది అరకావా. ఆ ఆటల్లో జపాన్‌కు దక్కిన ఒకే ఒక్క పతకం అది. స్లుత్‌స్కాయాకు కాంస్యం దక్కింది. ఒకరిని టోక్యోలో, ఇంకొకరిని జాతీయ పోటీల్లో దాటిన అమ్మాయి ఇంట్లో ఉంది. అరకావా గెలుపు నూటికి నూరుపాళ్లు ఆమెదే, అందులో తగ్గించాల్సింది ఏమీ లేదు. కానీ ఆ రాత్రి మంచు మీద ఉండాల్సిన ఇంకో అమ్మాయి లేదన్నది కూడా నిజమే.

నిబంధన ప్రకారం 2005 జూన్ 30 నాటికి 15 ఏళ్లు నిండి ఉండాలి. అసాదా పుట్టింది 1990 సెప్టెంబర్ 25న. తేడా 87 రోజులు. ఆమె ఎందుకు వెళ్లకూడదో తనకు అర్థం కావడం లేదని ప్రధాని జునిచిరో కోయిజుమి సైతం అన్నారు. అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య మాత్రం కదల్లేదు. చిన్నపిల్లల శరీరాలపై ఒత్తిడి పెరగకూడదన్నది నిబంధన వెనకున్న ఉద్దేశం. ఒకరి కోసం సీజన్ మధ్యలో గీత జరిపితే ఆ తర్వాత గీతే మిగలదు. ఆ వాదనలో బలం ఉంది.

అయితే అసలు చిక్కు ఆ గీతలో లేదు. అదే సమాఖ్య గ్రాండ్ ప్రి పోటీలకు 14 ఏళ్లు చాలంది. అంటే అసాదాను సీనియర్ల మధ్యకు పిలిచింది, బీజింగ్‌లో ఆడించింది, పారిస్‌లో ఆడించింది, టోక్యోలో ఫైనల్ ఆడించి మెడలో స్వర్ణం వేసింది. టికెట్లు అమ్ముడయ్యాయి, టీవీ ప్రసారాలు జరిగాయి. ఆ తర్వాత ఒలింపిక్స్ మాట వచ్చేసరికి నువ్వింకా చిన్నపిల్లవంది. పిల్లల ఆరోగ్యం గురించే ఆలోచిస్తే టోక్యోలో మూడున్నర చుట్ల జంప్ వేయించడం ఎలా సబబు? ఆ జంప్ పేరు ట్రిపుల్ యాక్సెల్. ముందుకు చూస్తూ గాల్లోకి లేచే జంప్ అదొక్కటే. దాన్ని పోటీల్లో మొదటిసారి విజయవంతంగా వేసిన మహిళ, 1988లో, నగోయాకే చెందిన మిదోరి ఇతో. మోకాలు డిసెంబర్‌లో ఒకలా, ఫిబ్రవరిలో ఇంకోలా ఉండదు కదా. అసాదాకు జరిగింది అన్యాయమని నేను అనేది ఈ రెండు నాలుకల ధోరణి వల్లే, 87 రోజుల వల్ల కాదు.

తురిన్ ముగిశాక అసాదా వెళ్లింది ప్రపంచ జూనియర్ పోటీలకు. 2006 మార్చిలో లుబ్లియానాలో ఆమె రెండో స్థానంలో నిలిచింది. గెలిచింది దక్షిణ కొరియాకు చెందిన కిమ్ యునా. ఈమె 1990 సెప్టెంబర్ 5న పుట్టింది, అంటే అసాదా కంటే 20 రోజులు పెద్ద. ఆమె కూడా తురిన్‌కు పనికిరాని వయసే. తర్వాతి ఎనిమిదేళ్లు మహిళల స్కేటింగ్‌ను నడిపిన పోటీ ఈ ఇద్దరిదే.

ఇప్పటి వాదనలో తరచుగా వినిపించే మాట ఇంకొకటుంది. ఆడపిల్లలకు ఆ వయసు దాటితే శరీరం మారిపోతుంది, పెద్ద జంపులు పోతాయి, కాబట్టి షిమాదాను ఆపడమంటే ఆమె అవకాశాన్నే లాగేసుకోవడమని. అసాదా కథ ఈ మాటకు అంత సులువుగా లొంగదు. 2010లో వాంకూవర్ ఒలింపిక్స్‌కు వెళ్లేనాటికి ఆమెకు 19. అక్కడ ఒకే పోటీలో మూడు ట్రిపుల్ యాక్సెల్స్ విజయవంతంగా వేసింది. అంతకుముందు ఏ మహిళా అది చేయలేదు. స్వర్ణం 228.56 పాయింట్లతో కిమ్‌కు వెళ్లింది, అసాదాకు 205.50తో రజతం. ఒకటి రెండు జంపులు తప్పాయి. కిమ్ ఆ రాత్రి దేన్నీ తప్పలేదు.

నాలుగేళ్ల తర్వాత సోచి ఒలింపిక్స్‌లో, పోటీలో మొదటి భాగమైన షార్ట్ ప్రోగ్రామ్‌లో ఆమె కుప్పకూలింది. 55.51 పాయింట్లు, 16వ స్థానం. ముఖ్యమైన సమయంలో ఆ అమ్మాయి కచ్చితంగా పడిపోతుందని మాజీ ప్రధాని యోషిరో మోరీ ఒక సభలో అనేశారు. టోక్యో ఒలింపిక్స్ నిర్వాహక సంఘానికి అధ్యక్షుడిగా ఉన్న మనిషి అనాల్సిన మాట కాదది. మర్నాడు రెండో భాగమైన ఫ్రీ స్కేట్‌ను ఆమె ట్రిపుల్ యాక్సెల్‌తో మొదలుపెట్టింది. 142.71 పాయింట్లు, ఫ్రీ స్కేట్‌లో అప్పటికి ఆమె కెరీర్‌లో అత్యుత్తమ స్కోరు. మొత్తమ్మీద ఆరో స్థానంతో సరిపెట్టుకోవాల్సి వచ్చినా, ఆ నాలుగు నిమిషాలు తలుచుకుంటే ఇప్పటికీ కళ్లు తడవని జపాన్ అభిమాని అరుదు. అప్పుడామెకు 23 ఏళ్లు. మరుసటి నెల సైతామాలో మూడో ప్రపంచ టైటిల్ కూడా గెలిచింది.

నిబంధన నిజంగా మారింది 2022లో. ఆ ఫిబ్రవరిలో బీజింగ్ ఒలింపిక్స్‌లో పదిహేనేళ్ల రష్యా స్కేటర్ కమీలా వలియేవా డోపింగ్ కేసు బయటపడింది. తలకు మించిన టెన్షన్‌తో ఆ పిల్ల మంచు మీద పదేపదే పడిపోవడం లోకమంతా చూసింది. జూన్‌లో ఫుకెట్‌లో జరిగిన సమాఖ్య మహాసభలో కనీస వయసును దశలవారీగా 17కు పెంచే తీర్మానం 100–16 ఓట్లతో నెగ్గింది.

చాలామంది చూడని తేడా ఇక్కడుంది. కొత్త గీత ఒలింపిక్స్‌కు ఒక్కదానికే కాదు, గ్రాండ్ ప్రి సహా అంతర్జాతీయ సీనియర్ పోటీలన్నిటికీ వర్తిస్తుంది. షిమాదాను ఎవరూ సీనియర్ ఫైనల్‌కు పిలిచి, స్వర్ణమిచ్చి, ఆ తర్వాత గుమ్మం దగ్గర ఆపలేదు. మిలాన్ సమయానికి ఆమెకు 17 నిండాయన్నది నిజమే. కానీ తురిన్ నాటికి అసాదాకూ 15 నిండాయి. ఏ తేదీ దగ్గర గీత గీసినా దానికి అవతల ఎవరో ఒకరు ఉంటారు. 2005లో తప్పు రెండు గీతలు గీయడం. ఆ తప్పును 2022లో సరిదిద్దారు.

పాత తిరకాసు జపాన్ జాతీయ పోటీల్లో ఇంకా మిగిలి ఉంది. అక్కడ జూనియర్లు సీనియర్లతో కలిసి దిగుతారు, షిమాదాలా పతకాలు గెలుస్తారు, అభిమానులు ఆశ పెట్టుకుంటారు. జట్టు ప్రకటించే వేళకు ఆ పేరు ఉండదు. 2005 డిసెంబర్‌లో అసాదాకు జరిగిందీ, 2025 డిసెంబర్‌లో షిమాదాకు జరిగిందీ ఈ మేరకు ఒకటే.

2026 జూలై నుంచి షిమాదా సీనియర్ పోటీలకు అర్హురాలు. 2030లో ఫ్రెంచ్ ఆల్ప్స్‌లో ఒలింపిక్స్ జరిగేనాటికి ఆమెకు 21 ఏళ్లుంటాయి. వాంకూవర్‌లో అసాదా వయసు కంటే రెండేళ్లు ఎక్కువ, తురిన్‌లో స్వర్ణం అందుకున్న అరకావా వయసు కంటే మూడేళ్లు తక్కువ.