‘చిన్న మొత్తమే కదా’: పార్కింగ్ టికెట్ కోర్టు మెట్లు దిగిన కథ

తప్పు చోట బండి ఆపితే వేసే జరిమానా చీటీల, అంటే పార్కింగ్ టికెట్ల గొడవ మళ్ళీ రాజుకుంది. ఈసారి టికెట్ రాస్తున్నది మనిషి కాదు, కెమెరా. న్యూయార్క్‌లో బస్సులకు బిగించిన కెమెరాలు మొదట్లో బస్ లేన్లలోకి చొరబడ్డ వాహనాలనే పట్టుకునేవి. 2024లో వాటి పని పెంచారు. బస్టాపులో ఆపిన బండి, మరో బండి పక్కన వరస తప్పి ఆపిన బండి కూడా వాటి లెక్కలోకి వచ్చాయి. కొద్ది నెలలకే దాదాపు 3,800 టికెట్లు పొరపాటున వెళ్ళాయని బయటపడింది. అందులో 870 దాకా నిబంధనల ప్రకారమే నిలిపి ఉంచిన వాహనాలవి. ఆ టికెట్లను రద్దు చేయక తప్పలేదు.

యంత్రం మీదకే అందరి కోపం మళ్ళింది. అది సహజమే, కానీ సరిపోదు. మనిషి చేత్తో రాసిన రోజుల్లోనూ తప్పుడు టికెట్లు వచ్చాయి. తేడా ఎక్కడుందంటే, అప్పట్లో రాసినవాడు న్యాయమూర్తి ఎదుటికి వచ్చి ‘నేను చూశాను’ అని చెప్పాల్సి వచ్చేది. చెప్పకపోతే కేసు నిలబడేది కాదు. ఆ షరతు ఎప్పుడు, ఏ కారణం చూపి ఎత్తేశారన్నది తెలిస్తే ఇప్పటి గొడవ సగం అర్థమవుతుంది.

1935లో ఓక్లహోమా సిటీలో మొదటి పార్కింగ్ మీటరు పాతడం, 1960లో లండన్‌లో గుండెపోటు రోగిని చూడటానికి వెళ్ళిన డాక్టరుకే తొలి టికెట్ అంటించి, జనం తిట్టిపోశాక వెనక్కి తీసుకోవడం చాలామంది విన్న కథలే. వాటిని వదిలేసి 1970కి వెళ్దాం.

ఆ ఏడాది దాకా న్యూయార్క్‌లో పార్కింగ్ తప్పులన్నీ క్రిమినల్ కోర్టుకే వెళ్ళేవి. దొంగతనాలు, కొట్లాటల కేసుల నడుమ లక్షల కొద్దీ పార్కింగ్ టికెట్లు పేరుకుపోయేవి. దానికి మందుగా నగరం పార్కింగ్ వయొలేషన్స్ బ్యూరోను తెరిచింది. పార్కింగ్ తప్పు ఇక నేరం కాదు, జైలు భయం ఉండదు, ఒక కార్యాలయంలో విచారణతో తేలిపోతుంది అన్నారు. పౌరుడికి ఇది మేలే కదా అనిపిస్తుంది. నిజానికి కొంత మేలు ఉంది కూడా. తప్పు చోట కారు ఆపినందుకు ఎవరూ నేరస్తుడిగా నిలబడకూడదు.

అయితే నేరం అన్న మాట పోతూ పోతూ నేర విచారణలో పౌరుడికి ఉండే రక్షణలనూ వెంట తీసుకుపోయింది. ‘సందేహానికి తావు లేకుండా’ నిరూపించాల్సిన పని లేదు. టికెట్ రాసినవాడు రానవసరం లేదు. ఆ కాగితమే ప్రాథమిక సాక్ష్యం. అది అబద్ధమని చూపాల్సిన బరువు వాహనదారుడి భుజాన పడింది. విచారణ జరిపేవాళ్ళు కోర్టు న్యాయమూర్తులు కారు, నగరం రోజుకూలి లెక్కన నియమించుకునే లాయర్లు. ఇప్పుడు వాళ్ళు పనిచేసేది నగర ఆర్థిక శాఖ కింద. జరిమానా వసూలు చేసేదీ అదే శాఖ. ఆ లాయర్లలో నిజాయతీగా పనిచేసేవాళ్ళు లేరని నేను అనను. రాసే చేయి, వినే చెవి, వసూలు చేసే సంచి ఒకే ఇంటివైనప్పుడు, ఎంత నిజాయతీపరుడు తీర్పు చెప్పినా ఓడినవాడికి నమ్మకం కుదరదు.

వసూళ్ళ సంగతి వచ్చింది కాబట్టి 1986 గురించి ఒక్క మాట. మొండి బకాయిలు రాబట్టే పనిని బయటి కంపెనీలకు అప్పగించడంలో ఆ బ్యూరోలో లంచాలు నడిచాయని ఆ ఏడు బయటపడింది. నగరంలోని క్వీన్స్ విభాగానికి (బరో) అధ్యక్షుడైన డొనాల్డ్ మేనిస్ కేసు కోర్టుకు రాకముందే చనిపోయాడు. బ్రాంక్స్ డెమొక్రాటిక్ నాయకుడు స్టాన్లీ ఫ్రీడ్‌మన్‌కు శిక్ష పడింది. ప్రభుత్వం తరఫున వాదించింది తర్వాత నగర మేయరైన రుడాల్ఫ్ జూలియానీ. న్యాయం చెప్పడానికి పెట్టిన కార్యాలయం పదహారేళ్ళలో ఎలాంటి ఖజానాగా మారిందో ఆ కేసు చూపించింది.

అసలు మలుపు మాత్రం షికాగోలో ఉంది. న్యూయార్క్ దారి చూపింది కానీ, ఆ దారి రాజ్యాంగానికి సరిపడుతుందని బలంగా తీర్పు తెచ్చుకున్నది షికాగో కేసు. నా దృష్టిలో ఆ తర్వాతదంతా దాని కొనసాగింపే.

1990కి ముందు షికాగోలో టికెట్‌ను సవాలు చేస్తే మామూలు కోర్టులో విచారణ జరిగేది, పోలీసు సాక్షిగా రావాలి. చాలాసార్లు వచ్చేవాడు కాదు, టికెట్ కొట్టేసేవారు. నగరానికి ఇది చిల్లు పడ్డ కుండలా కనిపించింది. 1990లో కొత్త పద్ధతి పెట్టారు. ఉత్తరం ద్వారా సవాలు చేయవచ్చు, లేదా స్వయంగా హాజరు కావచ్చు. వినేది నగర రెవెన్యూ శాఖ నియమించిన లాయరు. ఆ శాఖ వద్దనుకుంటే ఆయన్ను ఎప్పుడైనా తీసేయవచ్చు. పోలీసు రాడు, టికెట్టే ఆయన వాంగ్మూలం. ఎదురుగా పోలీసు లేడు కాబట్టి, ఆ లాయరే వాహనదారుడిని నిలదీసి ప్రశ్నలు వేస్తాడు.

కొందరు వాహనదారులు కోర్టుకెక్కారు. నా మీద ఆరోపణ చేసినవాడిని నేను ప్రశ్నించకూడదా? నన్ను ప్రశ్నించేవాడే తీర్పు చెప్పవచ్చా? ఆయన ఉద్యోగం జరిమానా వసూలు చేసే శాఖ చేతిలో ఉండవచ్చా? ఈ మూడు ప్రశ్నలూ న్యాయమైనవే. 1997లో అమెరికా ఫెడరల్ అప్పీలు కోర్టుల్లో ఒకటైన ఏడవ సర్క్యూట్ వాన్ హార్కెన్ కేసులో మూడింటినీ తోసిపుచ్చింది. తీర్పు రాసింది రిచర్డ్ పోస్నర్, చట్టాన్ని ఆర్థికశాస్త్రపు తక్కెడలో తూచడంలో పేరుమోసిన న్యాయమూర్తి.

ఆయన వాదన క్లుప్తంగా ఇదీ. 1976 నాటి మాథ్యూస్ వర్సెస్ ఎల్డ్రిడ్జ్ తీర్పులో సుప్రీంకోర్టు ఒక కొలత ఇచ్చింది. పౌరుడు పోగొట్టుకునేది ఎంత, తప్పు జరిగే అవకాశం ఎంత, అదనపు రక్షణ కల్పిస్తే ప్రభుత్వానికి అయ్యే ఖర్చు ఎంత అన్నవి కలిపి చూడాలి. పార్కింగ్ టికెట్‌లో పోయేది మహా అయితే 100 డాలర్లు. ప్రతి విచారణకూ పోలీసును పిలిస్తే వీధి కాపలాకు పోవాల్సిన గంటలు వృథా. కాబట్టి పోలీసు రాకపోయినా న్యాయ ప్రక్రియకు లోటు లేదు. నగరం చెప్పేదీ అదే: టికెట్లు లక్షల్లో ఉంటాయి, ప్రతిదానికీ కోర్టు పెట్టలేం.

విడిగా చూస్తే లెక్క సరిగ్గానే ఉంది. దాని పునాది మాత్రం ఒక్కటే, ‘చిన్న మొత్తమే కదా’ అన్న మాట. ఆ మొత్తం చిన్నదిగా ఉండిపోలేదు.

షికాగోలో నగరానికి రుసుము కట్టినట్టు చూపే వాహన స్టిక్కర్ లేని బండికి వేసే టికెట్‌ను 2012లో 200 డాలర్లు చేశారు. అప్పట్లో గడువు దాటితే అది రెట్టింపయ్యేది, వసూలు ఏజెన్సీకి వెళ్తే దాని రుసుము అదనం. మొత్తం 488 డాలర్లయ్యేది. అది కట్టలేకపోతే చక్రానికి తాళం, తర్వాత బండి లాక్కుపోవడం. పార్కింగ్ టికెట్లు పది పేరుకుంటే డ్రైవింగ్ లైసెన్సు రద్దయ్యేది. లైసెన్సు పోతే ఉద్యోగం పోయేది, ఉద్యోగం పోతే టికెట్ కట్టేందుకు డబ్బుండేది కాదు. ఈ అప్పుల వల్ల వేల మంది, అందులోనూ ఎక్కువగా నల్లజాతి పేటల్లోని వాళ్ళు, దివాలా కోర్టుకు వెళ్ళారని 2018లో ప్రోపబ్లికా పాత్రికేయులు బయటపెట్టారు. లైసెన్సు రద్దును షికాగో ఉన్న ఇల్లినాయ్ రాష్ట్రం 2020లో ఆపింది. కానీ 2021 జనవరిలో, దివాలా పిటిషన్ వేసినవాళ్ళ బళ్ళను నగరం తన దగ్గరే ఉంచుకోవడం పిటిషన్ పడగానే అప్పులవాళ్ళను ఆపి ఆస్తులను కాపాడే నిబంధనకు విరుద్ధం కాదని సుప్రీంకోర్టు అంది.

అంటే రక్షణ తగ్గించేటప్పుడు వంద డాలర్లే పణం అన్నారు. పణం బండి దాకా, ఉద్యోగం దాకా పెరిగినా, తగ్గించిన రక్షణ అలాగే ఉండిపోయింది. ఆ కొలతను మళ్ళీ వేసి చూద్దామని ఏ నగరమైనా తనంతట తాను ముందుకు వచ్చినట్టు నాకు తెలియదు.

అట్లాంటిక్‌కు అవతల కథ కొంచెం వేరు. బ్రిటన్‌లో 1991 రోడ్ ట్రాఫిక్ చట్టం పార్కింగ్‌ను నేరాల జాబితా నుంచి తీసి స్థానిక కౌన్సిళ్ళ చేతిలో పెట్టింది. జరిమానా డబ్బు కూడా వాటికే. 1993, 94లలో లండన్‌లో అమలు మొదలైంది. అక్కడివాళ్ళు చేసిన ఒక మంచి పని, వినే చెవిని వేరు చేయడం. కౌన్సిల్ కాదన్నాక స్వతంత్ర తీర్పరి (అడ్జుడికేటర్) దగ్గరికి వెళ్ళవచ్చు, వాహనదారుడికి ఖర్చు లేదు. రాతపూర్వక అభ్యంతరానికి కౌన్సిల్ 56 రోజుల్లో జవాబివ్వకపోతే వాహనదారుడే గెలిచినట్టు.

అయినా అంతదాకా వెళ్ళేవాళ్ళు చాలా కొద్దిమంది. కారణం టికెట్ మీదే అచ్చయి ఉంటుంది: 14 రోజుల్లో కడితే సగమే. తప్పు చేసినవాడికి అది రాయితీ. తప్పు చేయనివాడికి మాత్రం బేరం. నీ నిర్దోషిత్వాన్ని సగం ధరకు వదులుకో, లేదా పూర్తి మొత్తాన్ని పణంగా పెట్టి నెలల తరబడి ఉత్తరాలు రాయి. పిల్లలున్నవాడు, రెండు షిఫ్టులు చేసేవాడు ఏది ఎంచుకుంటాడో వేరే చెప్పాలా? త్వరగా కట్టేవాళ్ళకు ప్రోత్సాహమనీ, పరిపాలన ఖర్చు తగ్గుతుందనీ కౌన్సిళ్ళు అంటాయి. అది అబద్ధం కాదు. అయితే ఆ కట్టినవాళ్ళలో తప్పు చేయనివాళ్ళు ఎందరో ఆ లెక్కలో ఎక్కడా కనిపించదు.

న్యూయార్క్‌లో ఇదే బేరం పెద్దవాళ్ళతో వేరే తీరులో జరిగింది. 2004లో అక్కడ సరుకు చేరవేసే కంపెనీల కోసం ఒక పథకం పెట్టారు. టికెట్లను సవాలు చేయబోమని ముందే ఒప్పుకుంటే జరిమానా తగ్గేది, కొన్ని తప్పులకైతే సున్నా అయ్యేది. వందల బళ్ళున్న కంపెనీకి టోకున తగ్గింపు, ఒక్క బండి ఉన్నవాడికి పూర్తి మొత్తం. ఈ తేడాకు నగరం చెప్పిన కారణం విచారణల రద్దీ తగ్గుతుందన్నది. షికాగోలో చెప్పిందీ రద్దీ గురించే.

బ్రిటన్‌లో మధ్యలో రెండుసార్లు పగ్గాలు వేశారు. 2013లో లండన్‌లోని బార్నెట్ కౌన్సిల్ నివాసుల పార్కింగ్ పర్మిట్‌ను 40 పౌండ్ల నుంచి 100కు పెంచడం చెల్లదని హైకోర్టు తేల్చింది. 1984 నాటి చట్టం ఇచ్చిన అధికారం రాకపోకలను క్రమబద్ధం చేయడానికే కానీ ఆదాయం పెంచుకోవడానికి కాదంది. 2015లో ప్రభుత్వం ఇంగ్లండ్ కౌన్సిళ్ళు కేవలం కెమెరా చూసి ఉత్తరంలో టికెట్ పంపడాన్ని చాలా చోట్ల ఆపేసింది. బస్ లేన్లు, బడి ముందు గీతల వంటి కొన్నిటికి మినహాయింపు ఇచ్చి, మిగతా చోట్ల టికెట్ బండి దగ్గరే ఇవ్వాలంది. కట్టిన సమయం ముగిశాక పది నిమిషాల వెసులుబాటూ తెచ్చింది. ఇవాళ బస్సు కెమెరాల గురించి వాదించుకుంటున్నవాళ్ళు ఈ 2015 నిర్ణయాన్ని ఎందుకు తలుచుకోవడం లేదో నాకు అర్థం కాదు. టికెట్ బండి దగ్గరే చేతికొస్తే ఆ క్షణంలోనే చుట్టూ ఉన్న బోర్డును, గీతను, మీటరును ఫొటో తీసుకోవచ్చు. రెండు వారాల తర్వాత ఇంటికి వచ్చిన ఉత్తరం చూసి ఆ రోజు బోర్డు చెట్టుకొమ్మల చాటున ఉందని ఎలా చూపిస్తాం?

ఇంత వాలు నేల మీదా గెలిచినవాళ్ళున్నారు. ‘నేను మంచివాణ్ణి, అర్జంటు పనుంది’ అంటే గెలవలేదు. కాగితాన్ని కాగితంతోనే కొట్టి గెలిచారు. న్యూయార్క్ రాష్ట్ర చట్టం ప్రకారం టికెట్ మీద బండి నంబరు, ప్లేటు రకం, బండి తయారీ కంపెనీ వంటి కొన్ని వివరాలు కచ్చితంగా ఉండాలి. లేకపోయినా తప్పుగా రాసినా కొట్టేయాల్సిందే. వేరే రాష్ట్రాల లారీల ప్లేటు రకం తప్పుగా రాసినా టికెట్లు చెల్లుతాయని నగరం అనుకుంటూ వచ్చింది. అప్పీలు కోర్టు కుదరదంది. ఒహాయోలోని వెస్ట్ జెఫర్సన్‌లో ఒకామె పికప్ ట్రక్కును 24 గంటలు దాటి నిలిపిందని లాక్కుపోయారు. నిబంధనలో ‘మోటార్ వెహికల్’ తర్వాత కామా లేదు, కాబట్టి అది ‘మోటార్ వెహికల్ క్యాంపర్’, అంటే లోపలే బస చేసే బండి గురించే అని ఆమె వాదించింది. ఉద్దేశం అందరికీ తెలుసు కదా అంది ఊరి పాలకవర్గం. 2015లో కోర్టు ఆమె వైపు నిలిచింది, రాసుకున్నది మీరే కాబట్టి సరిచేసుకోవాల్సిందీ మీరే అన్నట్టుగా.

కామాతో గెలవడం చూసి కొందరు సాంకేతిక తిరకాసు అని తీసిపారేస్తారు. పౌరుడు ఒక్క నిమిషం ఆలస్యమైతే నగరం దాన్ని తిరకాసు అనుకోదు కదా.

‘చిన్న విషయమే’ అన్న వాదన ఈ మధ్య కోర్టుల్లోనూ కొంత బీటలు వారింది. బండి ఎంతసేపుగా ఉందో తెలుసుకోవడానికి టైరు మీద సుద్దముక్కతో గీయడం అకారణ సోదాల నుంచి పౌరుణ్ణి కాపాడే రాజ్యాంగపు నాలుగో సవరణ చెప్పే సోదాయే అని 2019లో ఆరవ సర్క్యూట్ సాగినా నగరం కేసులో అంది. 2022లో తొమ్మిదో సర్క్యూట్ శాన్ డియేగో కేసులో ఆ గీతను అనుమతించింది. రెండు కోర్టులకు పొత్తు కుదరలేదు. కానీ సుద్దగీత కూడా వాదించదగ్గ విషయమేనని ఇద్దరూ గుర్తించారు.

వాటికన్నా నాకు ముఖ్యంగా తోచేది 2020 నాటి పిమెంటెల్ తీర్పు. లాస్ ఏంజెలెస్‌లో మీటరు సమయం దాటితే 63 డాలర్లు, గడువులోగా కట్టకపోతే ఆలస్య రుసుముగా మరో 63. మితిమీరిన జరిమానాలను నిషేధించే ఎనిమిదో సవరణ పార్కింగ్ టికెట్లకూ వర్తిస్తుందని తొమ్మిదో సర్క్యూట్ తేల్చింది. మొదటి 63 డాలర్లు సబబే అంది. రెండో 63 దగ్గర ఆగింది. ఆలస్యమైతే సరిగ్గా అంత మొత్తమే ఎందుకని నగరాన్ని అడిగింది. దానికి ఆధారం రికార్డులో ఎక్కడా కనబడలేదంటూ, కారణం చూపించమని కేసును కింది కోర్టుకు తిప్పి పంపింది.