మాజీ సైనికుల ఉద్యమం: అపోహలు - వాస్తవాలు

మా జిల్లా మాజీ సైనికుల సంఘంలో నేను చూసేది కాగితాల పని. పెన్షన్ అర్జీలు రాయడం, పీపీఓలు (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వులు) సరిచూడడం, ఢిల్లీ నుంచి వచ్చే సర్క్యులర్లు ఇక్కడి వాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం. యుద్ధాలు చేసి వచ్చినవాళ్లు సంఘం పెట్టుకుని, ధర్నాకు కూర్చుని, కోర్టుకెక్కి ప్రభుత్వాన్ని నిలదీస్తే జనానికి రకరకాల అనుమానాలు వస్తాయి. మాజీ సైనికులకు కూడా వస్తాయి. 2008లో పుట్టిన ఇండియన్ ఎక్స్‌సర్వీస్‌మెన్ మూవ్‌మెంట్ గురించి, అది ఎత్తుకున్న వన్ ర్యాంక్ వన్ పెన్షన్ (ఒకే ర్యాంకులో ఒకే సర్వీసు చేసినవాళ్లకు, ఎప్పుడు రిటైరైనా ఒకే పెన్షన్) గురించి నాకు తరచూ వినపడే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: సైనికుడు ధర్నా చేయడం క్రమశిక్షణ తప్పడమే. చట్టం కూడా ఒప్పుకోదు.

వాస్తవం: సర్వీసులో ఉన్నవాళ్ల విషయంలో ఇది నిజమే. రాజ్యాంగం 33వ అధికరణం, 1950 ఆర్మీ చట్టం 21వ సెక్షన్ కింద వాళ్ల ప్రాథమిక హక్కులకు పరిమితులున్నాయి. సంఘం పెట్టుకోకూడదు, రాజకీయ సభలకు వెళ్లకూడదు, పత్రికలకెక్కకూడదు. కానీ ఆ చట్టం దాని పరిధిలో ఉన్నవాళ్లకే. డిశ్చార్జ్ అయి ఇంటికొచ్చిన జవాను అందరిలాంటి పౌరుడు. పార్టీలో చేరవచ్చు, పోటీ చేయవచ్చు, జెండా పట్టుకుని నడవవచ్చు.

2015 జూన్‌లో జంతర్ మంతర్ దగ్గర రిలే నిరాహార దీక్షకు కూర్చున్నవాళ్లలో 1965, 1971 యుద్ధాలు చేసినవాళ్లున్నారు. ఆగస్టు 14న, అంటే స్వాతంత్ర్య దినోత్సవానికి ముందు రోజు, పోలీసులు వాళ్లను అక్కడి నుంచి లేపేయాలని చూశారు. మెడల్స్ పెట్టుకున్న ముసలివాళ్లను తోస్తున్న దృశ్యాలు టీవీల్లో చూసి దేశమంతా బాధపడింది. వాళ్లు మళ్లీ అక్కడే కూర్చున్నారు. క్రమశిక్షణ అంటే అది.

అపోహ: ఈ సంఘాల వెనక ఏదో ఒక పార్టీ ఉంటుంది.

వాస్తవం: తేదీలు చూడండి. 2009లో ఈ మాజీ సైనికులు తమ మెడల్స్ రాష్ట్రపతికి తిరిగి ఇచ్చేశారు. అప్పుడు ఢిల్లీలో ఉన్నది యూపీఏ ప్రభుత్వం. 2015లో జంతర్ మంతర్ దగ్గర కూర్చున్నప్పుడు ఉన్నది ఎన్డీఏ ప్రభుత్వం. ఈ మధ్యలో 2013 సెప్టెంబరు 15న రేవాడీ సభలో నరేంద్ర మోదీ ఈ అంశాన్ని ఎత్తుకున్నారు. 2014 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్‌లో చిదంబరం 500 కోట్లు ప్రకటించారు. అదే ఏడాది జులైలో జైట్లీ 1000 కోట్లు పక్కన పెట్టారు. రెండు పార్టీలూ మాట ఇచ్చాయి, రెండింటి మీదా ఒత్తిడి పెట్టాల్సి వచ్చింది.

విడిగా మనుషులు పార్టీల్లో చేరడం వేరే సంగతి. మాజీ సైన్యాధిపతి వి.కె. సింగ్ 2014లో బీజేపీ టికెట్ మీద ఘాజియాబాద్ నుంచి గెలిచారు. అది ఆయన హక్కు. సంఘం పేరు మీద కాగితం బయటికి పోయేటప్పుడు మాత్రం చాలా జాగ్రత్త కావాలి. 2019 ఏప్రిల్‌లో సైన్యాన్ని ఎన్నికల ప్రచారానికి వాడుకోవద్దని కోరుతూ 150 మందికి పైగా మాజీ సైనికుల పేర్లతో రాష్ట్రపతికి లేఖ వెళ్లింది. అందులో పేర్లున్న కొందరు పెద్దలు తాము ఒప్పుకోలేదన్నారు. దాంతో లేఖలోని విషయం పక్కకుపోయి, సంతకాల మీద గొడవ మిగిలింది. సంతకం అడిగేముందు కాగితం మొత్తం చదివించండి. ఫోన్‌లో "నా పేరు కూడా వేసుకోండి" అంటే వేసుకోకండి.

అపోహ: వన్ ర్యాంక్ వన్ పెన్షన్ అంటే ఒకే ర్యాంకు వాళ్లందరికీ ఒకే పెన్షన్.

వాస్తవం: మా ఆఫీసులో సగం కోపాలకు కారణం ఇదే. "నేనూ హవల్దారే, ఆయనా హవల్దారే, ఆయనకు రెండు వేలు ఎక్కువెందుకు?" ర్యాంకు ఒక్కటే కాదు, సర్వీసు ఎన్నేళ్లో కూడా చూస్తారు. ట్రేడ్‌ను (చేసిన పనిని) బట్టి గ్రూపులున్నాయి. ఇవన్నీ కలిస్తేనే లెక్క. 2016 ఫిబ్రవరిలో వచ్చిన సర్క్యులర్ 555తో పాటు 101 పెన్షన్ టేబుళ్లు ఇచ్చారు. వాటిలో సర్వీసు అర్ధ సంవత్సరం చొప్పున పెరుగుతూ ఉంటుంది. పదిహేడేళ్ల దగ్గర ఒక అంకె, పదిహేడున్నర దగ్గర ఇంకో అంకె.

ఇదంతా ఎందుకు అవసరమైందో కూడా చెప్పాలి. జవాను చాలావరకు నలభై ఏళ్లలోపే ఇంటికొచ్చేస్తాడు. ఆ తర్వాత వేతన సంఘాలు వస్తూనే ఉంటాయి, జీతాలు పెరుగుతాయి, కొత్తగా రిటైరైనవాడి పెన్షన్ పాతవాడి కంటే ఎక్కువవుతుంది. ఒకే ర్యాంకు, ఒకే సర్వీసు, ఇద్దరూ ఒకే కొండ మీద కాపలా కాసినవాళ్లే. తేడా అల్లా రిటైరైన ఏడాది. రాజ్యసభ పిటిషన్ల కమిటీ, భగత్ సింగ్ కోష్యారీ అధ్యక్షతన, 2011 డిసెంబరులో ఇచ్చిన నివేదికలో సైనికుల కోరిక న్యాయమైనదని చెప్పింది. కొత్తవాళ్లకు పెన్షన్ పెరిగితే పాతవాళ్లకు దానంతటదే పెరగాలన్నది ఆ నివేదికలోని నిర్వచనానికి ప్రాణం.

2015 నవంబరు 7న వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వులో ఆ "దానంతటదే" లేదు. 2013లో రిటైరైనవాళ్ల కనిష్ఠ, గరిష్ఠ పెన్షన్ల సగటు తీసుకుని 2014 జులై 1 నుంచి ఇస్తామన్నారు, ఐదేళ్లకోసారి సవరిస్తామన్నారు. తేడాలు పరిశీలించడానికి జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి కమిటీ వేశారు. ఆయన మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసి, పట్నా హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా రిటైరైనవారు. 2016 అక్టోబరులో నివేదిక ఇచ్చారు.

అపోహ: 2022లో సుప్రీంకోర్టులో మనం గెలిచాం.

వాస్తవం: ఆ 2015 ఉత్తర్వు మీద ఇండియన్ ఎక్స్‌సర్వీస్‌మెన్ మూవ్‌మెంట్ వేసిన కేసు ఇది. ఇంకొందరు "ఓడిపోయాం" అంటారు. రెండూ సరిగ్గా కుదరవు. 2022 మార్చి 16 తీర్పులో కోర్టు ప్రభుత్వ విధానాన్ని సమర్థించింది. ఏటా సవరించాలన్న వాదన నిలబడలేదు. కానీ ఐదేళ్లకోసారి సవరిస్తామని మీరే రాశారు కాబట్టి 2019 జులై 1 నుంచి సవరించి, మూడు నెలల్లో ఏరియర్స్ (పాత బకాయిలు) ఇవ్వండి అని చెప్పింది. అంటే మనకు డబ్బు తెచ్చిపెట్టింది ప్రభుత్వం తన చేత్తో రాసిన ఒక్క వాక్యం. అందుకే ప్రతి ఉత్తర్వునూ చివరి పేరా దాకా చదవమని మా కుర్రాళ్లకు పదేపదే చెబుతాను.

మూడు నెలలు గడిచినా రాలేదు. గడువు పొడిగించారు. 2022 డిసెంబరు 23న కేబినెట్ ఆమోదించింది: 25.13 లక్షల మందికి, ఏరియర్స్ 23,638 కోట్లు. తర్వాత రక్షణ శాఖ ఆ ఏరియర్స్‌ను నాలుగు వాయిదాల్లో ఇస్తామని ఉత్తరం తీసింది. కోర్టు గట్టిగా మందలించింది. 2023 మార్చి 20న వరస నిర్ణయించింది. ఫ్యామిలీ పెన్షన్ తీసుకునేవాళ్లకు, గ్యాలంట్రీ (శౌర్య) అవార్డులున్నవాళ్లకు ఏప్రిల్ 30లోపు, 70 దాటినవాళ్లకు జూన్ 30లోపు, మిగతావాళ్లకు 2024 ఫిబ్రవరి లోపు మూడు వాయిదాలు. భర్తలు పోయిన ఆడవాళ్లను ముందు నిలబెట్టడం నా దృష్టిలో ఆ కేసు మొత్తంలో అతి మంచి పని.

అపోహ: ఆఫీసర్లూ జవాన్లూ ఈ విషయంలో ఒక్కటే.

వాస్తవం: జంతర్ మంతర్‌లో పక్కపక్కనే కూర్చున్నారు, నిజం. 2015 ఆగస్టులో ఆమరణ దీక్షకు దిగినవాళ్లలో కర్నల్ ఉన్నాడు, హవల్దార్ ఉన్నాడు. కానీ సంఘాల మైకు ఎక్కువగా ఆఫీసర్ల చేతిలోనే ఉంది. ఏడో వేతన సంఘం తర్వాత మిలిటరీ సర్వీస్ పే (సైనిక సేవకు జీతంతో పాటు ఇచ్చే అదనపు మొత్తం) ఆఫీసర్లకు నెలకు 15,500, జేసీఓలకు (ఆఫీసర్లకూ జవాన్లకూ మధ్య ర్యాంకులవాళ్లు), జవాన్లకు 5,200. చలి ఇద్దరికీ ఒకటే, తూటా ఇద్దరికీ ఒకటే. 2023లో జవాన్ల సంఘాలు ఇదే బాధతో జంతర్ మంతర్ దగ్గర విడిగా కూర్చున్నాయి. వాళ్లు ఉద్యమాన్ని చీల్చారని కొందరు పెద్దలు అన్నారు. నేను ఒప్పుకోను. మన దగ్గర మిలిటరీ మాధవరం లాంటి ఊళ్ల నుంచి తరతరాలుగా ఎక్కువగా వెళ్లింది జవాన్లే. వాళ్ల లెక్క గురించి వాళ్లే మాట్లాడాలి.

అపోహ: సంఘం ప్రభుత్వ ఆఫీసే, డబ్బు కడితే పని అయిపోతుంది.

వాస్తవం: కాదు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ప్రభుత్వానిది. సంఘం మనం పెట్టుకున్నది. అర్జీ రాయించుకోవడానికి సంఘానికి రండి, పెన్షన్ పెంచే అధికారం మాత్రం మాకు లేదు.

మొన్న ఒకమ్మ వచ్చింది. భర్త నాయక్‌గా రిటైరై, పోయి ఏడాదైంది. డిశ్చార్జ్ బుక్‌లో ఆమె పేరు "సత్తెమ్మ", ఆధార్‌లో "సత్యవతి". ఈ పేరు తేడాతో ఫ్యామిలీ పెన్షన్ ఆగిపోయింది. పేరు మార్పు అఫిడవిట్, భర్త డెత్ సర్టిఫికెట్, రెండు పేర్లూ ఒకరివేనని సర్పంచ్ ఇచ్చిన కాగితం జతచేసి రికార్డ్ ఆఫీసుకు పంపించాం. మనిషి బతికుండగానే రికార్డు సరిచేయించి ఉంటే ఆమెకు ఈ తిరుగుడు ఉండేది కాదు.

కాబట్టి ఈ వారమే డిశ్చార్జ్ బుక్, పీపీఓ, ఆధార్ మూడూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టుకోండి. ర్యాంకు, గ్రూపు, క్వాలిఫయింగ్ సర్వీసు (పెన్షన్ లెక్కలోకి వచ్చే సర్వీసు), భార్య పేరు, ఆమె పుట్టిన తేదీ చూసుకోండి. స్పర్శ్‌లో (రక్షణ శాఖ ఆన్‌లైన్ పెన్షన్ పోర్టల్) లైఫ్ సర్టిఫికెట్ ఎప్పటిదాకా చెల్లుతుందో చూసుకోండి. ఏరియర్స్ వేయిస్తాం, ఓటీపీ చెప్పండి అని ఎవరైనా ఫోన్ చేస్తే, సంఘం పేరు చెప్పినా సరే, ఓటీపీ చెప్పకుండా ఫోన్ పెట్టేయండి.