ఒంగోలులో తెరుచుకున్న తలుపు: సంఘంలో కులం గొడవ వెనుక కథ

మతం మారితే కులం పోతుందా అన్న పాత ప్రశ్న 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇచ్చిన తీర్పుతో మళ్లీ రాజుకుంది. గుంటూరు జిల్లాలో ఒక పాస్టర్ తనను కులం పేరుతో తిట్టి కొట్టారని కేసు పెట్టారు. ఆయన క్రైస్తవుడు కాబట్టి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఆయనకు వర్తించదని కోర్టు తేల్చింది. క్రైస్తవంలో కులం లేదు, కనుక ఆ మతంలోకి వెళ్లినవారు ఎస్సీ రక్షణ అడగలేరన్నది ఆ తీర్పు వెనకున్న తర్కం. ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసిన 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, ఆ తర్వాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిన సవరణలు పత్రికలు చదివేవాళ్లకు తెలిసినవే. తెలుగు నేల మీద క్రైస్తవ సంఘం తలుపు మొదట ఎవరికి తెరుచుకుంది, తెరుచుకున్నప్పుడు ఏం జరిగింది అన్నది మాత్రం ఎక్కువమందికి తెలియదు. నేటి గొడవంతా అక్కడే మొదలైంది.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు నెల్లూరులో ఏళ్ల తరబడి పనిచేసి గుప్పెడుమందిని కూడా సంపాదించలేకపోయిన రోజులు వదిలేసి, నేరుగా ఒంగోలుకు వద్దాం. 1866లో అక్కడ కాపురం పెట్టిన మిషనరీ జాన్ క్లౌ దొర, 1867 జనవరి 1న ఎనిమిదిమందితో సంఘం కట్టాడు. అప్పటికే ఆయన బడికి అగ్రవర్ణాల పిల్లలు వస్తున్నారు. వాళ్లలో కొందరు బైబిలు మీద ఆసక్తి చూపుతున్నారు. ఊరి పెద్దల పిల్లలు వస్తే మిగతా ఊరూ వెనకే వస్తుందన్నది ఆనాటి మిషనరీలు చాలామంది పెట్టుకున్న ఆశ.

సరిగ్గా అప్పుడే తాళ్ళకొండపాడు వైపు నుంచి మాదిగలు రావడం మొదలైంది. వాళ్లకు దారి చూపినవాడు యర్రగుంట్ల పేరయ్య. తోలు వ్యాపారం చేసుకునే మాదిగ. క్రైస్తవుడు కాకముందే గురువుల దగ్గర యోగసాధన నేర్చుకున్నవాడు, నలుగురూ మాట వినే మనిషి. ఆయన ఊళ్లూరా తిరిగి చెప్పిన మాట విని జనం బాప్తిస్మం అడిగారు. ఇది తెలిసి బడిలోని అగ్రవర్ణాల పిల్లలు తేల్చి చెప్పేశారు: వాళ్లను చేర్చుకుంటే మేం ఉండం.

ఆ రోజు జరిగింది క్లౌ తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఏం చేయాలో పాలుపోక బంగళాలో చేతికందిన కొత్త నిబంధన తెరిచాడు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయంలో, లోకం నీచులుగా చూసేవారిని, ఎన్నికలేనివారిని దేవుడు ఏర్పరచుకున్నాడనే మాట కంటబడింది. అంతలో ఆయన భార్య హారియెట్ లోపలికి వచ్చింది. భర్త ఏం చదువుతున్నాడో తెలియకుండానే ఆమె కూడా వేరే గదిలో అదే భాగం చదివి వచ్చింది. ఇద్దరూ దాన్ని దేవుడి జవాబుగా తీసుకున్నారు. మాదిగలు సంఘంలోకి వచ్చారు, అగ్రవర్ణాల పిల్లలు బడి వదిలి వెళ్లిపోయారు.

ఈ ఘటనను సంఘాల్లో సాక్ష్యంగా చెప్పుకుంటారు, చెప్పుకోదగ్గదే. కులం చూసి మనిషిని గుమ్మం దగ్గర ఆపే రోజుల్లో ఎవరిని వదులుకున్నా సరే మీరు రండి అనడం చిన్న విషయం కాదు. అయితే ఆ రోజు దొర ముందున్నవి రెండే దారులు: వీళ్లు లేదా వాళ్లు. ఇద్దరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టే మూడో దారికి ఊరు ఒప్పుకోలేదు. అందుకే సంఘం పుట్టింది ఊళ్లో కాదు, ఊరి బయటి మాదిగపల్లెలో. ఆదివారం ఆరాధన జరిగింది అక్కడే, పంచాయితీ తీరింది అక్కడే, బడి నడిచింది అక్కడే. తలుపు తెరుచుకున్నా, ఊరికీ పల్లెకీ మధ్య గీత చెరగలేదు.

మతం మారినవాళ్లకు క్లౌ పెట్టిన షరతులు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువుల మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి ఇవి మతానికి సంబంధించిన నియమాల్లా ఉంటాయి. ఊరి లెక్కలో మాత్రం ఆదివారం పనికి రానన్న మాదిగ వెట్టికి ఎదురు తిరిగినట్టే. జాతరలో డప్పు కొట్టనన్నా అంతే. కరణాలు, రెడ్లు నీళ్లు ఆపారు, బజారులో సరుకులు అమ్మనివ్వలేదు. దెబ్బలు తిన్నవాళ్లు క్రైస్తవులని తిన్నారా, మాదిగలై ఉండి తల ఎత్తారని తిన్నారా? ఆనాడు కొట్టినవాడికి ఆ రెండింటికీ తేడా లేదు. కోర్టులో ఇవాళ విడదీస్తున్నది సరిగ్గా ఆ రెండింటినే.

1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. తిండి కోసమే చేరారన్న మాట రాకూడదని కరువు కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. పల్లెలకు పల్లెలు, బంధువులకు బంధువులు కలిసి వచ్చారు. వచ్చినవాళ్లు తమ బంధుత్వాలతో, వియ్యాలతో సహా వచ్చారు. కులం కూడా అలాగే లోపలికి వచ్చింది. బాప్టిస్టు సంఘాలు ఎక్కువగా మాదిగలవయ్యాయి. కృష్ణా ప్రాంతంలో ఆంగ్లికన్ల (ఇంగ్లండ్ చర్చివాళ్ల) దగ్గరకు 1859లో మొదట వచ్చిన పగోలు వెంకయ్య మాల కావడంతో అక్కడ కథ మాలపల్లెల మీదుగా నడిచింది. ఏ మిషన్ ఏ కులం గుమ్మంలో ముందు అడుగు పెట్టిందన్నదే తర్వాత ఏ సంఘం ఎవరిదో తేల్చింది.

దీన్ని చక్కదిద్దాలని చూసినవాళ్లు లేకపోలేదు. 1912లో దోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల దగ్గర కులం పాటించడం కుదరదని గట్టిగా నిలబడ్డాడు. 2022లో హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ పూల ఆంథోనీ క్యాథలిక్ సంఘంలో పోప్ తర్వాతి హోదా అయిన కార్డినల్ అయ్యారు, ఆ హోదా అందుకున్న తొలి దళితుడిగా.

క్రీస్తులో కులం లేదు, ఆ మాట పదేపదే ఎత్తితే సంఘం చీలుతుందనే పెద్దల వాదనకు వాక్యంలో ఆధారం ఉంది, కాదనలేం. కానీ పెళ్లి సంబంధం చూసేటప్పుడు, సంఘ కమిటీ ఎన్నికలప్పుడు, పాస్టర్ గారి బదిలీలప్పుడు ముందు ఏది అడుగుతారో సంఘంలో పెరిగిన ఎవరికైనా తెలుసు. బయట లోకం కూడా వాళ్లను కులంతోనే చూసింది. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను, 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపినప్పుడు ఎవరూ బాప్తిస్మం గురించి అడగలేదు. ఆ పల్లెల్లో క్రైస్తవులు చాలామంది.

చట్టం తెచ్చిన మరో నష్టం సంఘం లోపల కనబడుతుంది. బాప్తిస్మం తీసుకుంటే ఎస్సీ సర్టిఫికెట్ పోయి, ఒక్క శాతం రిజర్వేషన్ ఉన్న బీసీ-సీలోకి వెళ్లాలి. అందుకే బడి రికార్డులో ఒక పేరు, సంఘంలో ఒక పేరు. సభ్యుల రిజిస్టర్లో పేరు ఎక్కించాలన్నా, చర్చి రిజిస్టర్లో పెళ్లి రాయించాలన్నా పిల్లల ఉద్యోగాల టెన్షన్. ఇరవై ఏళ్లుగా పాట పాడుతూ, వాక్యం చదువుతూ ఉన్న మనిషి సంఘం పుస్తకంలో లేకుండా పోతున్నాడు. అందరినీ రమ్మనే సంఘానికి ఇంతకంటే పెద్ద గాయం ఏముంటుంది?

2023 మార్చి 24న ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానించింది. అంతకు ముందే, 2022 అక్టోబరులో, మతం మారిన దళితులకు ఎస్సీ హోదా ఇవ్వవచ్చా అన్నది పరిశీలించేందుకు కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. సంఘాలకు కష్టమైన ఘట్టం ఇదే. హోదా కావాలంటే మతం మారాక కూడా వివక్ష ఉందని చెప్పాలి. అలా చెప్పడమంటే తమ సంఘంలోనూ ఉందని ఒప్పుకోవడమే. క్యాథలిక్ బిషప్పుల సమాఖ్య 2016 డిసెంబరులో దళితుల సాధికారత విధానం విడుదల చేస్తూ, సంఘంలో అంటరానితనం ఉందని రాతపూర్వకంగా ఒప్పుకుంది. మిగతా సంఘాల పెద్దలు కూడా కమిషన్ ముందుకు వెళ్లే లోపు తమ కమిటీలో ఎవరున్నారు, సమాధుల తోటలో ఎవరికి ఎక్కడ చోటిచ్చారు, పెళ్లిళ్లు ఎవరెవరి మధ్య జరిగాయి అన్నది తమ రిజిస్టర్లలోంచే తీసి చెప్పాలి. పాస్టర్ తిన్న దెబ్బలకు కులంతో సంబంధం లేదన్న వాదనకు ఇవ్వగల జవాబు అందులోనే ఉంది.