బస్సును చుట్టేసిన పాము

పిల్లలూ,

మొన్న ఫోన్‌లో "తాతయ్యా, ఆ బస్సు నిజంగానే నలిగిపోయిందా?" అని అడిగారు. రెండు ముక్కల్లో ఏదో చెప్పి పెట్టేశాను కానీ మనసొప్పలేదు. ఇన్నేళ్లు బండ్లకు బొమ్మలు అంటించి బతికినవాణ్ణి, ఇది మీకు సరిగ్గా చెప్పాలి కదా.

మీరు చూసింది డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్ జంతు ప్రదర్శనశాల కోసం బస్సుకు అంటించిన ప్రకటన బొమ్మ. కొండచిలువ బస్సును చుట్టి బిగించినట్టు, రేకు లోపలికి నొక్కుకుపోయినట్టు ఉంటుంది. రేకుకు ఏమీ కాలేదు. ఆ నొక్కంతా నీడల్లోనే ఉంది.

ఒక పని చేయండి. కాగితం మీద గుండ్రంగా గీసి, పైభాగం తెల్లగా వదిలేసి, కిందికి వచ్చేకొద్దీ పెన్సిల్‌తో ముదురుగా రుద్దండి. బంతిలా ఉబ్బి కనబడుతుంది. ఇప్పుడు కాగితాన్ని తలకిందులు చేయండి. గుంటలా మారిపోతుంది! వెలుగు పైనుంచే వస్తుందని మన మెదడు లెక్క వేసుకుంటుంది మరి. ఈ సంగతి నాకు దెబ్బ తగిలాకే ఒంటబట్టింది. ఒకసారి వ్యాను పక్కన బోల్టుల వరుస బొమ్మ ఉన్న ముక్కను రాత్రి పూట హడావిడిలో తలకిందులుగా అంటించాను. తెల్లారి చూస్తే బోల్టులన్నీ గుంటలైపోయాయి. మొత్తం ఊడబీకి, కొత్తది ప్రింటు తీయించి మళ్లీ అంటించాను.

అయితే నీడలు దిద్దినంత మాత్రాన సరిపోదు. రోమ్‌లో సంత్ ఇగ్నాజియో అనే చర్చి ఉంది. దానికి గుమ్మటం కట్టలేదు. 1685లో ఆండ్రియా పొజ్జో అనే చిత్రకారుడు సుమారు 17 మీటర్ల వెడల్పు గుడ్డ మీద గుమ్మటం బొమ్మ వేసి పైన బిగించాడు. ఎక్కడ నిలబడి చూడాలో నేల మీద గుర్తు కూడా ఉంది. అక్కణ్ణుంచి చూస్తే అచ్చం గుమ్మటమే, పక్కకు జరిగితే వంకరపోతుంది. మరి బస్సును చూసేవాళ్లకు అలాంటి గుర్తు ఎక్కడ పెడతాం? బస్సూ కదులుతుంది, చూసేవాళ్లూ కదులుతారు. నిజమైన గదిలోకి చూస్తూ మనం కదిలితే లోపలి వస్తువులు ఒక్కోటి ఒక్కో వేగంతో జరిగినట్టు కనబడతాయి. బొమ్మలో అన్నీ కలిసే జరుగుతాయి. అందుకే బస్సు మీద లోతైన హాలు గీస్తే మోసం ఇట్టే బయటపడుతుంది. పాము, చిరిగిన రేకు, సగం తెరిచిన జిప్పు లాంటివైతే నిలబడతాయి. వాటికి కావలసిన లోతు జానెడే.

ఇక అంటించే పని. బొమ్మ ప్రింటు తీసేది వినైల్ ఫిల్మ్ అనే పల్చటి ప్లాస్టిక్ పొర మీద. మంచి ఫిల్మ్ మందం దాదాపు 50 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. వేడి గాలి ఊదే హీట్ గన్‌తో వేడి చేస్తే రబ్బరులా సాగుతుంది. దాంతోపాటు బొమ్మా సాగుతుంది. చక్రం పైన వంపు దగ్గర తిన్నటి గీత పడితే విల్లులా వంగుతుంది. అందుకని ముందే బండి కొలతలు తీసుకుని, గీతలు అక్కడ పడకుండా బొమ్మను జరుపుకుంటాం. పక్కకు జరిగే తలుపు ఉంటే ఇంకా జాగ్రత్త. తలుపు తీయగానే బొమ్మలోని పిల్లి తల వెళ్లి తోక మీద కూర్చుంటుంది!

కిటికీలకు అంటించే ఫిల్మ్ నిండా సన్నటి రంధ్రాలుంటాయి, లోపలి వైపు నల్లగా ఉంటుంది. పగలు బయటివాళ్లకు బొమ్మ, లోపలివాళ్లకు రోడ్డు కనబడతాయి. రాత్రి లోపల దీపాలు వెలిగితే మాత్రం బొమ్మ వెలవెలబోతుంది.

బండి వెనుక భాగం దగ్గర మాత్రం నేను మొండివాణ్ణి. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917లో, నార్మన్ విల్కిన్‌సన్ అనే బ్రిటిష్ చిత్రకారుడు ఓడలకు అడ్డదిడ్డంగా చారలు వేయించాడు. ఓడ ఎటు వెళుతోందో జలాంతర్గామిలోని శత్రువు తప్పుగా అంచనా వేయాలని. రోడ్డు మీద మన వెనుక వచ్చేవాడు శత్రువు కాదు. ముందు బండి ఉందనీ, అది ఎంత దూరంలో ఉందనీ అతనికి స్పష్టంగా తెలియాలి. బ్రేకు లైట్లు, నంబరు ప్లేటు, రిఫ్లెక్టర్ల మీద ఫిల్మ్ పడకూడదు.

ఒకాయన తన లారీ వెనుక తలుపుల మీద ఖాళీ రోడ్డు బొమ్మ కావాలని పట్టుబట్టాడు. వద్దని ఎంత చెప్పినా వినలేదు. బొమ్మను అసలు సైజులో కాగితం మీద ప్రింటు తీసి తలుపులకు తాత్కాలికంగా అతికించి, ఆయన్ను కారులో కూర్చోబెట్టి, సందెవేళ ఆగి ఉన్న ఆ లారీ వెనుకకు మెల్లగా తీసుకెళ్లాను. సగం దూరంలోనే "ఆపు, ఆపు" అన్నాడు. మర్నాడు ఆ తలుపుల మీద జిప్పు బొమ్మ అంటించాం.

గుండ్రాలు గీసి పంపండి, చూస్తాను.

మీ తాతయ్య