నాబ్ తిప్పితే కదిలేది ఏది?

సినిమాల్లో స్నైపర్ తన రైఫిల్ మీది స్కోప్ (గురి చూసే దుర్భిణి) నాబ్‌ను టిక్ టిక్‌మని తిప్పుతుంటాడు కదా, అప్పుడు లోపల కనిపించే ప్లస్ గుర్తు కదులుతుందా అని ఒక పాఠకుడు అడిగారు. ఎంత మంచి ప్రశ్నో! కొన్ని పాత స్కోప్‌లలో అది పక్కకు జరిగి కనిపించేది. ఇప్పటివాటిలో ఎన్ని క్లిక్కులు తిప్పినా మధ్యలోనే ఉంటుంది. మరి కదిలేదేమిటి?

ముందున్న పెద్ద లెన్స్ తలకిందుల బొమ్మను తయారు చేస్తుంది. దాన్ని మళ్లీ నిలబెట్టడానికి స్కోప్ లోపల ఇంకో సన్న గొట్టం, అందులో మరికొన్ని లెన్సులు ఉంటాయి. దీని పేరు ఎరెక్టర్ ట్యూబ్. వెనక చివర కీలు మీద ఆగి, ముందు చివర అటూ ఇటూ కదలగలుగుతుంది. ఒకవైపు నుంచి స్ప్రింగ్ నెడుతుంది, ఎదురుగా నాబ్‌ల స్క్రూలు ఆపుతాయి. తూటా తగిలే చోటును పై నాబ్ పైకీ కిందికీ, కుడివైపు నాబ్ పక్కలకూ సర్దుతాయి. ప్లస్ గుర్తు ఈ గొట్టంలోనే ఉంటుంది కాబట్టి దానితో పాటే వెళ్తుంది. మన కంటికి మాత్రం దృశ్యమే జరిగినట్టు కనిపిస్తుంది.

నాకు ఎంతో ఇష్టమైన భాగం ఇక్కడే ఉంది. పై నాబ్‌ను 'అప్' వైపు తిప్పితే స్క్రూ పైకి లేస్తుంది, స్ప్రింగ్ గొట్టాన్ని పైకి నెడుతుంది. గుర్తు పైకి వెళ్తే గురి కూడా పైకి వెళ్లాలి కదా అనిపిస్తుంది. కానీ అక్కడున్నది తలకిందుల బొమ్మ! అందులో పైభాగం అంటే బయటి లోకంలో కిందిభాగం. అంటే మన చూపు గీత కిందికి దిగింది. గుర్తును మళ్లీ లక్ష్యం మీదికి తేవాలంటే షూటర్ రైఫిల్ మూతి ఎత్తక తప్పదు. తూటా పైన తగులుతుంది. నాబ్ తూటాను ఏమీ చేయదు, మనిషి చేత రైఫిల్ మూతి ఎత్తిస్తుంది, అంతే. కుంభాకార కటకం పాఠంలో తలకిందుల బొమ్మ గీయించి వదిలేస్తారు. దాని పక్కనే ఈ ఒక్క ఉదాహరణ చెబితే పిల్లలు జన్మలో మరిచిపోరు.

ఒక్క క్లిక్‌కు గొట్టం ఎంత కదులుతుంది? చాలా స్కోప్‌లలో క్లిక్ అంటే 0.1 మిల్. మిల్ అంటే కోణం కొలత, రేడియన్‌లో వెయ్యో వంతు, 100 మీటర్ల దూరంలో 10 సెంటీమీటర్లు. కాబట్టి ఆ దూరంలో క్లిక్‌కు తూటా తగిలే చోటు 1 సెంటీమీటరు జరుగుతుంది. పెద్ద లెన్స్ ఫోకల్ దూరం 20 సెంటీమీటర్లు అనుకుందాం. 0.1 మిల్ అంటే 0.0001 రేడియన్ కాబట్టి, 200 మిల్లీమీటర్లను 0.0001తో గుణిస్తే గొట్టం కదిలేది 0.02 మిల్లీమీటర్లు. తల వెంట్రుక మందంలో మూడో వంతో, నాలుగో వంతో! రైఫిల్ తన్నినప్పుడల్లా అదురుతూ కూడా ఆ గొట్టం ఇంత సన్నని లెక్క తప్పకూడదు.

ఇంకో కొలత 'మినిట్ ఆఫ్ యాంగిల్', డిగ్రీలో 60వ వంతు. 100 గజాల దగ్గర 1.047 అంగుళాలు. చాలామంది ఒక అంగుళమనే లెక్కేస్తారు. 1000 గజాల దగ్గర 20 మినిట్లు తిప్పితే ఆ చిన్న తేడాయే 9 అంగుళాలు దాటిపోతుంది. ప్లస్ గుర్తు మీది కొలత గీతలు మిల్స్‌లో, నాబ్ మినిట్లలో ఉన్న స్కోప్‌లూ ఉన్నాయి. ఒక మిల్ అంటే 3.44 మినిట్లు కాబట్టి ప్రతిసారీ 3.44తో గుణించుకోవాలి. టెన్షన్‌లో ఉన్న మనిషికి అది శిక్షే.

నాబ్ తిప్పాక కొందరు దాన్ని వేలితో రెండుసార్లు తడతారు. చూసేవాళ్లకు అదేదో సెంటిమెంటు అనిపించవచ్చు. కానీ స్ప్రింగ్ బలహీనంగా ఉంటే రాపిడి వల్ల గొట్టం స్క్రూను వెంటనే అనుసరించదు, తట్టగానే సర్దుకుంటుంది. రెండు క్లిక్కులు ఎక్కువ తిప్పి వెనక్కి రావడం కూడా ఇందుకే.

హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో ఇలాంటి స్కోప్‌లకు అనుమతి లేదు. అక్కడ సన్నని రంధ్రంలోంచి చూసి గురిపెడతారు. అయితే దానికీ క్లిక్కుల నాబ్‌లుంటాయి. లక్ష్యం మధ్య చుక్క వెడల్పు అర మిల్లీమీటరే. 10 మీటర్ల దగ్గర 0.1 మిల్ అంటే 1 మిల్లీమీటరు, ఆ చుక్కకు రెట్టింపు. అంత పెద్ద క్లిక్ అక్కడ పనికిరాదు.