"పైకి బాగానే ఉంది కదండీ": మందుల గదిలో అపోహలు - వాస్తవాలు

డి.ఫార్మసీ అయిపోయి మా ఆసుపత్రి ఫార్మసీలో చేరే పిల్లలకి మొదటి వారం నేను మందుల పేర్లు నేర్పను. పేర్లు ఎలాగూ వస్తాయి. ఇంటి నుంచో, అంతకుముందు పనిచేసిన మందుల షాపు నుంచో మోసుకొచ్చిన నమ్మకాలు వదిలించడానికే ఆ వారం సరిపోతుంది. నరసాపురంలో చాలా ఏళ్లుగా ఇదే నా పని.

అపోహ: ఇన్సులిన్ ఎంత చల్లగా ఉంటే అంత మంచిది

ఒక ఎండాకాలం సఖినేటిపల్లి వైపు నుంచి ఒక పెద్దాయన పంటు మీద గోదావరి దాటి వచ్చారు. షుగర్ దిగట్లేదని డాక్టరుగారు అప్పటికే రెండుసార్లు డోసు పెంచారు. "మందు ఎక్కడ పెడుతున్నారండీ?" అని అడిగితే టిఫిన్ క్యారియర్ మూత తీసి చూపించారు. నిండా ఐసు ముక్కలు, మధ్యలో ఇన్సులిన్ సీసా. "ఇంట్లో ఫ్రిజ్ లేదమ్మా. రొయ్యల కాటా దగ్గర రోజూ ఐసు అడిగి తెస్తున్నానండి, ఆయ్, ఒక్కరోజు కూడా తప్పలేదు" అన్నారు. సీసాని అరచేతుల మధ్య దొర్లించి లైటుకి ఎదురుగా పట్టుకున్నాను. పాలలా ఒకేలా కలవాల్సిన మందులో సన్నటి రవ్వలు కనిపించాయి, కొన్ని గాజుకి అంటుకుని ఉన్నాయి. ఎప్పుడో గడ్డకట్టి కరిగిపోయిందన్నమాట.

పాపం, ఆయన తప్పేముంది? చల్లగా పెట్టమని చెప్పాం గానీ ఎంత చల్లగానో చెప్పలేదు.

తెరవని ఇన్సులిన్‌కి 2 నుంచి 8 డిగ్రీలు కావాలి. ఒకసారి గడ్డకడితే ఇక పారేయడమే, కరిగాక తేటగా కనిపించినా సరే. వాడుతున్న సీసా మాత్రం చాలా రకాలకి 28 రోజుల దాకా బయట ఉండొచ్చు, వేడి 30 డిగ్రీలు దాటకపోతే. కచ్చితమైన లెక్క పెట్టెలోని కాగితంలో ఉంటుంది. ఫ్రిజ్ లేనివాళ్లకి కుండలో తడి ఇసుక పోసి, సీసాని కవర్లో చుట్టి అందులో పెట్టుకోమంటాను. మన కోస్తాలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి రాయలసీమలో చల్లబడినంత ఇక్కడ కుండ చల్లబడదు. అయినా రేకుల ఇంట్లో అలమరా కంటే నయం.

ఫార్మసీ ఫ్రిజ్‌లోనూ అంతే. వెనక గోడకి ఆనించి పెట్టిన టీకా గడ్డకట్టొచ్చు, తలుపులో పెట్టింది వేడెక్కొచ్చు. హెపటైటిస్-బి, టెటనస్, ఐదు జబ్బులకి కలిపి వేసే పెంటావాలెంట్ టీకాలు గడ్డకడితే పాడైపోతాయి. సీసా మీద రంగు మారే గుర్తు ఉంది కదా అంటారు పిల్లలు. ఆ గుర్తు వేడి తగిలితేనే మారుతుంది, గడ్డకట్టిన సంగతి దానికి తెలియదు. అందుకే థర్మామీటరు చూసి రోజుకి రెండుసార్లు పుస్తకంలో రాయిస్తాను. కరెంటు పోతే తలుపు తీయనివ్వను.

అపోహ: గ్లవ్స్ వేసుకుని లామినార్ ఆన్ చేస్తే క్రిములు రావు

లామినార్ అంటే వడకట్టిన గాలి వీస్తూ ఉండే పెట్టె, ఇంజెక్షన్లు అందులో పెట్టి కలుపుతాం. మా మామ్మ మడి కట్టుకుని తలుపు గడియ ముట్టుకుంటే మళ్లీ స్నానం చేసేది. గ్లవ్స్ కూడా మడే. మొన్న ఒకబ్బాయి చక్కగా చేతులు కడుక్కుని, స్టెరైల్ గ్లవ్స్ తొడుక్కుని, జారిపోతున్న మాస్కుని పైకి లాక్కుని, అదే చేత్తో వయల్ (ఇంజెక్షన్ మందు సీసా) అందుకున్నాడు. "ఏమైంది మేడమ్?" అంటాడు. మడి మైలపడింది నాయనా, గ్లవ్స్ మార్చు.

లామినార్‌లోని హెపా వడపోత 0.3 మైక్రాన్ల కణాల్లో 99.97 శాతం పట్టేస్తుంది. కానీ ఆ శుభ్రమైన గాలికీ వయల్ మూతకీ మధ్య మీ చెయ్యి వస్తే, మీ చేతిని కడిగిన గాలే మూత మీద పడుతుంది. వడపోతకీ పనికీ మధ్య ఏదీ అడ్డు రాకూడదు. అంచు మీద కాకుండా కనీసం 15 సెంటీమీటర్లు లోపలికి పెట్టి పని చేయాలి. 2012లో అమెరికాలో ఫంగస్ చేరిన స్టెరాయిడ్ ఇంజెక్షన్ల వల్ల 750 మందికి పైగా జబ్బుపడ్డారు, 60 మందికి పైగా చనిపోయారు. వాటిని తయారుచేసిన చోట కూడా క్లీన్ రూమ్ ఉంది.

క్యాన్సర్ మందులైతే గాలి మన ముఖం వైపు వీచే లామినార్‌లో అసలు కలపకూడదు. వాటికి గాలిని మన వైపు రానివ్వని బయోసేఫ్టీ క్యాబినెట్ కావాల్సిందే.

స్పిరిట్ ఎంత ఘాటుగా ఉంటే అంత మంచిదన్నదీ తప్పే. 99 శాతం కంటే 70 శాతం ఆల్కహాలే బాగా చంపుతుంది, నీళ్లు ఉండాలి దానికి. తుడిచాక ఆరనివ్వండి, ఊదకండి.

అపోహ: సెలైన్ సీసా తేటగా ఉందంటే సాయంత్రం దాకా వాడొచ్చు

ఇది నేనూ చేశాను. కొత్తలో పనిచేసిన ఒక నర్సింగ్ హోమ్‌లో పొద్దున్నే సెలైన్ సీసా మూతకి సూది గుచ్చి వదిలేసేవాళ్లం. రోజంతా పౌడర్ ఇంజెక్షన్లన్నీ దాంట్లోంచి లాగిన సెలైన్‌తోనే కలిపేవాళ్లం. ఒకరోజు సాయంత్రం మందు ఎక్కించిన ఇద్దరికి వణుకుతో జ్వరం వచ్చింది. ముసురు పట్టి ఉంది, వాతావరణం అనుకున్నాం. ఆ సూది వైపు ఎవరూ చూడలేదు. ఆ సూది అంటే సీసాకి తెరిచి ఉంచిన తలుపే, పైగా సెలైన్‌లో క్రిములు పెరగకుండా ఆపే మందేమీ ఉండదు. ఇప్పుడు చిన్న ఆంప్యూల్ పగలగొట్టి ఒకరికే వాడి పారేయిస్తాను. ఖర్చు ఎక్కువవుతుందని గొణుగుడు వినబడుతూనే ఉంటుంది.

తేటదనాన్ని నమ్మి కలపకూడనివి కలపడం ఇంకో గొడవ. సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయోటిక్‌ని రింగర్ లాక్టేట్ అనే సెలైన్ లాంటి ద్రవంతో కలపొద్దు, అందులోని కాల్షియంతో కలిసి స్ఫటికాలు కడుతుంది. పసికందుల ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. మూర్ఛకి ఇచ్చే ఫెనిటోయిన్‌ని డెక్స్‌ట్రోజ్‌లో (గ్లూకోజ్ సీసాలో) కాదు, సెలైన్‌లోనే కలపాలి.

ఇక పొటాషియం క్లోరైడ్, ఒంట్లో పొటాషియం తగ్గితే ఇచ్చే ఇంజెక్షన్. 10 ఎంఎల్ ఆంప్యూల్, నీళ్లలా ఉంటుంది, డిస్టిల్డ్ వాటర్ పక్కన పెడితే రాత్రి నిద్రమత్తులో తేడా తెలియదు. పలచన చేయకుండా నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. మా దగ్గర అది అరలో ఉండదు, తాళం వేసిన ఎర్ర డబ్బాలో ఉంటుంది. తీసేటప్పుడు ఇద్దరు లేబుల్ పైకి చదివి, ఇద్దరూ సంతకం పెట్టాలి. "రాత్రి డ్యూటీలో నేనొక్కడినే కదా మేడమ్?" అని అడుగుతారు. వార్డు నుంచి సిస్టర్‌ని పిలువు, ఆవిడ వచ్చేదాకా డబ్బా తెరవకు.