క్లారినెట్ ఎందుకు వెక్కుతుంది?

తూర్పు యూరప్ యూదుల క్లెజ్మర్ సంగీతం వినగానే చాలామంది "ఇందులో ఏదో దుఃఖం ఉంది" అంటారు. తమాషా ఏమిటంటే, అది ప్రధానంగా పెళ్లిళ్లలో చిందులేయడానికి వాయించే సంగీతం.

ఆ దుఃఖాన్ని ముందుగా స్కేల్ ఖాతాలో వేస్తుంటారు. క్లెజ్మర్‌లో తరచూ వినిపించే 'ఫ్రైగిష్' స్వరాలు మనకు కొత్తవి కావు. స్వరస్థానాలు మాత్రమే చూస్తే అది మన వకుళాభరణ రాగం. సరళీ వరసలు నేర్చినవాళ్లు మాయామాళవగౌళలో నిషాదాన్ని ఒక్క మెట్టు దించితే సరిపోతుంది. రిషభం నుంచి గాంధారానికి ఎక్కేటప్పుడు పౌనఃపున్యం సుమారు 19 శాతం పెరుగుతుంది. ఆ ఎడం చెవికి ఇట్టే తెలుస్తుంది. కానీ మన పిల్లలు రోజూ అదే ఎడం పాడుతున్నారు, ఎవరూ ఏడవడం లేదు (క్లాసుకు వెళ్లమంటే ఏడిస్తే అది వేరే సంగతి).

నన్నడిగితే అసలు కిటుకు 'క్రెఖ్ట్స్' అనే గమకంలో ఉంది. స్వరం ముగిసే చోట గొంతు పట్టేసినట్టు ఒక చిన్న తెంపు వస్తుంది. వెక్కి వెక్కి ఏడ్చేటప్పుడు మన గొంతులోనూ శ్రుతి అలాగే విరుగుతుంది. వయొలిన్ మీద అది వేలి పని. క్లారినెట్ మీద నోరు, గొంతు కూడా కలవాలి. మామూలుగా క్లారినెట్ రీడ్ (నోట్లో పెట్టుకునే చోట ఉండే పలచటి బద్ద) ఎంత వేగంగా కంపించాలో గొట్టంలోని గాలి నిర్ణయిస్తుంది. అయితే ఆరితేరినవాళ్లు నాలుకను, గొంతును సర్ది నోటిలోని అనునాదాన్ని (ఒకానొక శ్రుతి దగ్గర గాలి గట్టిగా మోగడాన్ని) గొట్టం అనునాదం కంటే బలంగా చేస్తారు. అప్పుడు రీడ్ నోటి మాట వింటుంది, శ్రుతి జారుతుంది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దీన్ని వాద్యకారుల నోట్లోనే కొలిచి 2009లో ప్రచురించారు.

ఇదంతా స్వరలిపిలో రాస్తే అందదు. అందుకే ఈ విద్య వాద్యకారుల కుటుంబాల్లో తండ్రిని విని కొడుకు నేర్చేదిగా నడిచింది. అది కాగితం దాటి మిగిలిందంటే మైనపు సిలిండర్ల పుణ్యమే. ధ్వని ఒక పలచటి పొరను కదిపితే, దానికి తగిలించిన సూది మైనంలో ఎత్తుపల్లాల గాడి చెక్కుతుంది. చిక్కేమిటంటే, వినిపించిన ప్రతిసారీ మైనం కొంత అరిగిపోతుంది.

1912 నుంచి ఉక్రెయిన్ యూదు పల్లెల్లో ఇలా రికార్డు చేస్తూ వచ్చారు. తర్వాత ఆ పని భుజానికెత్తుకున్న మొయిసెయ్ బెరెగోవ్‌స్కీని స్టాలిన్ ప్రభుత్వం 1950లో అరెస్టు చేసింది. ఆ పల్లెలను అప్పటికే నాజీలు తుడిచిపెట్టేశారు. వెయ్యికి పైగా సిలిండర్లు మాత్రం కీవ్‌లోని వెర్నాద్‌స్కీ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. 2005లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది.

అమెరికాకు వలస వెళ్లిన క్లారినెట్ వాద్యకారుడు నఫ్తులే బ్రాండ్‌వైన్ వంటివాళ్లు 1920లలో ఇచ్చిన గ్రామఫోన్ రికార్డులూ ఉన్నాయి. 1970లలో క్లెజ్మర్‌ను మళ్లీ పట్టుకున్న తరానికి అవే గురువులు. క్రెఖ్ట్స్ అంతుపట్టాలంటే వేగం తగ్గించి వినాలి. రికార్డును సగం వేగంతో తిప్పితే శ్రుతి ఒక స్థాయి కిందికి దిగిపోయేది. ఇప్పటి సాఫ్ట్‌వేర్ శ్రుతిని కదపకుండానే వేగం తగ్గిస్తుంది.